ఇంటి తాళాలు ఇచ్చారు, డూప్లికేట్ దాచుకున్నారు: అమెరికా కాంగ్రెస్, క్యూబా కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. ఒక దేశం ఇంకో దేశాన్ని తన చేతిలో పెట్టుకోవాలంటే ఏం కావాలి? సైన్యం, యుద్ధనౌకలు, డబ్బు... వెంటనే మనకు తట్టేవి ఇవే కదా. నేను చెప్పబోయే కథలో ఇవన్నీ ఉన్నాయి. కానీ అసలు పని చేసింది మాత్రం ఒక బిల్లు చివర్లో తగిలించిన కొన్ని పేరాలు. సైన్యం ఖర్చుల బిల్లులో దూర్చిన ఆ పేరాలు, పక్క దేశం రాజ్యాంగంలోకి వెళ్లి కూర్చున్నాయి. 33 ఏళ్లు అక్కడే ఉన్నాయి.

ముందు ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేయండి. అమెరికాకి దక్షిణం కొసన ఫ్లోరిడా కనిపిస్తుంది. దాని చివర కీ వెస్ట్ అనే ఊరు. అక్కడి నుంచి సముద్రం దాటితే క్యూబా. మధ్యలో దూరం దాదాపు 145 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లినంత. మరి క్యూబా ఎంత ఉంటుంది? సుమారు 1,10,000 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు మన తెలంగాణ అంత. ఒక పక్క ఖండం సైజులో అమెరికా, ఇంకో పక్క తెలంగాణ సైజులో ఒక ద్వీపం. మధ్యలో ఒక బస్సు ప్రయాణమంత నీళ్లు.

ఇంకొక మాట కూడా ముందే చెప్పేస్తాను, లేకపోతే కన్ఫ్యూజ్ అవుతారు. ఈ కథలో కాంగ్రెస్ అంటే మన కాంగ్రెస్ పార్టీ కాదు. అమెరికాలో పార్లమెంటు పేరే కాంగ్రెస్. మన లోక్‌సభ లాంటిది అక్కడ ప్రతినిధుల సభ, రాజ్యసభ స్థానంలో సెనేట్. అమెరికా రాజ్యాంగం కాంగ్రెస్‌కి చాలా అధికారాలు ఇచ్చింది. వాటిలో మనకు ఇవాళ కావలసినవి నాలుగు. ఒకటి, యుద్ధం ప్రకటించడం. రెండు, ఖజానా డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో చెప్పడం. మూడు, విదేశాలతో వ్యాపారానికి రూల్స్ పెట్టడం. నాలుగోది ఒక్క సెనేట్‌ది: ప్రెసిడెంట్ ఏ దేశంతో ఒప్పందం చేసుకున్నా, సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. యుద్ధం, ఖజానా, వ్యాపారం, ఒప్పందం. ఈ నాలుగూ క్యూబా మీద ఒకదాని తర్వాత ఒకటి ఎలా పడ్డాయో చూద్దాం.

క్యూబా మీద అమెరికా కన్ను చాలా పాతది. 1823లో అప్పటి విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ ఒక ఉత్తరంలో క్యూబాని చెట్టు మీది ఆపిల్‌తో పోల్చాడు. గాలివానకి కొమ్మ నుంచి తెగిన ఆపిల్ నేల మీదే పడుతుంది కదా, అలాగే స్పెయిన్ నుంచి తెగిన రోజు క్యూబా అమెరికా వైపే పడుతుందని ఆయన లెక్క. 1848లో ప్రెసిడెంట్ పోక్ ఏకంగా 10 కోట్ల డాలర్లకు క్యూబాని కొంటామని అడిగించాడు. స్పెయిన్ అమ్మలేదు.

మరి క్యూబా ప్రజలు? వాళ్లు ఎవరికో పండులా రాలిపడాలని అనుకోలేదు. 1868లో స్పెయిన్ మీద తిరగబడి పదేళ్లు యుద్ధం చేశారు, ఓడిపోయారు. 1895లో మళ్లీ లేచారు. ఈసారి వెనకున్న మనిషి హోసే మార్తీ. కవి, జర్నలిస్టు, సంఘటనకర్త. ఏళ్ల తరబడి న్యూయార్క్‌లో ఉండి పోరాటానికి డబ్బూ మనుషులనూ కూడగట్టాడు. అమెరికాని దగ్గర నుంచి చూసినవాడు కాబట్టే ఆయనకు ఒక భయం ఉండేది: స్పెయిన్ పోయిన చోటికి అమెరికా వచ్చి కూర్చుంటుందేమో అని. యుద్ధం మొదలైన కొద్ది నెలలకే, 1895 మే 19న, మార్తీ చనిపోయాడు. ఆ భయం నిజమవడం చూడకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు 1898కి వద్దాం. ఫిబ్రవరి 15 రాత్రి హవానా రేవులో ఆగి ఉన్న అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయింది. 260 మందికి పైగా చనిపోయారు. ఎందుకు పేలిందన్నది ఇప్పటికీ వాదనే. అప్పటి అమెరికా పేపర్లు మాత్రం స్పెయిన్ పనే అని అరిచాయి. ఏప్రిల్‌లో ప్రెసిడెంట్ మెకిన్లీ కాంగ్రెస్ ముందుకొచ్చి, క్యూబాలో సైన్యాన్ని దింపడానికి పర్మిషన్ అడిగాడు. ఇది మన లిస్టులో మొదటి అధికారం.

కాంగ్రెస్ ఒప్పుకుంది. కానీ ఊరికే ఒప్పుకోలేదు. ఆ తీర్మానంలో నాలుగో అంశంగా ఒక సవరణ చేరింది. దాన్ని పెట్టింది కొలరాడో సెనేటర్ హెన్రీ టెల్లర్. అందులో ఏముంది? క్యూబా మీద సార్వభౌమాధికారం గానీ పెత్తనం గానీ చేసే ఉద్దేశం మాకు లేదు, శాంతి నెలకొన్నాక ద్వీపాన్ని అక్కడి ప్రజలకే వదిలేస్తాం. ఇదీ దాని సారాంశం. ఏప్రిల్ 20న మెకిన్లీ సంతకం పెట్టాడు. టెల్లర్‌కి క్యూబా మీద ప్రేమా, లేక తన రాష్ట్రంలోని బీట్ చక్కెరకి క్యూబా చెరకు చక్కెర పోటీ వస్తుందన్న దిగులా? ఈ వాదన చరిత్రకారుల్లో ఉంది. రెండూ ఉండొచ్చు. ఏదైతేనేం, మాట చట్టంలోకి ఎక్కింది.

ఆ మాట విలువ ఎంతో తెలియాలంటే అదే ఏడాది మిగతా ద్వీపాలకి ఏమైందో చూడాలి. జులైలో అదే కాంగ్రెస్ ఒక తీర్మానం పాస్ చేసి హవాయిని కలిపేసుకుంది. డిసెంబర్‌లో పారిస్‌లో స్పెయిన్‌తో సంధి కుదిరింది. ప్యూర్టో రికో, గువామ్ అమెరికాకి వచ్చేశాయి. ఫిలిప్పీన్స్‌కి 2 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుంది. క్యూబా ఒక్కటే మిగిలింది. ఎందుకంటే చట్టంలో రాసేసిన మాట అడ్డం ఉంది.

కానీ ఒక సంగతి గమనించండి. మూడేళ్లుగా స్పెయిన్‌తో కొట్లాడింది క్యూబా వాళ్లు. అయినా పారిస్ చర్చలకి వాళ్లని పిలవలేదు. శాంతియాగో నగరం లొంగిపోయినప్పుడు, అక్కడ పోరాడిన కలిక్స్తో గార్సియా సైనికుల్ని ఊళ్లోకే రానివ్వలేదు. 1899 జనవరి 1న హవానాలో స్పెయిన్ జెండా దిగింది. దాని స్థానంలో ఎగిరింది అమెరికా జెండా. సొంత ఇంటి గృహప్రవేశంలో ఇంటివాళ్లే వీధిలో నిలబడ్డట్టు.

సరే, సైన్యం వచ్చి కూర్చుంది. ఎప్పుడు వెళ్తుంది? వెళ్తానని మాటిచ్చారు కదా. వాషింగ్టన్‌కి ఇక్కడే చిక్కొచ్చింది. కలిపేసుకుందామంటే టెల్లర్ సవరణ ఒప్పుకోదు. వదిలేద్దామంటే మనసు ఒప్పుకోదు. దీనికి దారి కనిపెట్టినవాడు యుద్ధ మంత్రి ఎలిహు రూట్, వృత్తిరీత్యా లాయర్. దాన్ని సెనేట్‌లో పెట్టింది కనెక్టికట్ సెనేటర్ ఒర్విల్ ప్లాట్. అందుకే చరిత్రలో దాని పేరు ప్లాట్ సవరణ.

దాన్ని ఎక్కడ పెట్టారన్నదే ఈ కథకి గుండెకాయ. విడిగా క్యూబా బిల్లు అని తేలేదు. సైన్యం ఖర్చుల బిల్లుకి తగిలించారు. అంటే రెండో అధికారం, ఖజానా. మార్చి 4తో ఆ కాంగ్రెస్ గడువు అయిపోతుంది. సైన్యానికి డబ్బు ఆపుతారా? ఎవరూ ఆపరు. వ్యతిరేకించినవాళ్లు కొందరు ఉన్నారు, మాట్లాడారు కూడా. కానీ బిల్లు పాస్ అయింది. 1901 మార్చి 2న మెకిన్లీ సంతకం పెట్టాడు.

అందులో ఎనిమిది అంశాలున్నాయి. ముఖ్యమైనవి చెప్తాను. క్యూబా తన స్వాతంత్ర్యాన్ని తగ్గించే ఒప్పందం ఏ విదేశంతోనూ చేసుకోకూడదు. తీర్చలేని అప్పులు చేయకూడదు. క్యూబా స్వాతంత్ర్యాన్ని కాపాడటానికి, ప్రాణాలకీ ఆస్తులకీ రక్షణ ఇవ్వగల ప్రభుత్వం ఉండేలా చూడటానికి అమెరికా ఎప్పుడైనా జోక్యం చేసుకోవచ్చు. నౌకా స్థావరాలకి భూమి అమ్మాలి లేదా లీజుకివ్వాలి. ఐల్ ఆఫ్ పైన్స్ అనే చిన్న ద్వీపం ఎవరిదో తర్వాత తేలుద్దాం. ఇవన్నీ క్యూబా తన రాజ్యాంగంలో రాసుకోవాలి. రాసుకున్నాకే సైన్యం వెనక్కి వెళ్తుంది.

చదువుతుంటే భలే విచిత్రంగా ఉంటుంది. స్వాతంత్ర్యాన్ని కాపాడే హక్కు అట. ఎవరి స్వాతంత్ర్యం? క్యూబాది. ఎవరి హక్కు? అమెరికాది.

ఆ టైమ్‌లో హవానాలో 31 మంది ప్రతినిధులు కూర్చుని సొంత రాజ్యాంగం రాసుకుంటున్నారు. పని అప్పుడే పూర్తయింది. అంతలో ఈ కాగితం వచ్చింది. వాళ్ల పరిస్థితి ఆలోచించండి. ఒప్పుకుంటే ముప్పై ఏళ్ల పోరాటానికి అర్థం లేదు. ఒప్పుకోకపోతే విదేశీ సైన్యం ఇంట్లోంచి కదలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాళ్లలో ఒకాయన గురించి తప్పకుండా చెప్పాలి. హువాన్ గ్వాల్బెర్తో గోమెజ్. బానిసలుగా చెరకు తోటలో పనిచేసిన తల్లిదండ్రులకు పుట్టిన నల్లజాతి జర్నలిస్టు. మార్తీకి నమ్మకమైన సహచరుడు. ఈ సవరణకి వ్యతిరేకంగా ఆయన రాసిన వాదన చాలా సింపుల్. ఈ హక్కు ఇవ్వడమంటే మన ఇంటి తాళాలు వాళ్ల చేతికివ్వడమే, రాత్రీ పగలూ ఎప్పుడు కావాలంటే అప్పుడు, మంచి ఉద్దేశంతోనో చెడ్డ ఉద్దేశంతోనో లోపలికి రావచ్చు అన్నాడు. ఈ ఎపిసోడ్ టైటిల్‌కి మూలం ఆ మాటే.

ప్రతినిధులు వాషింగ్టన్ దాకా వెళ్లి మాట్లాడొచ్చారు. మేం దీన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాం అని వివరణలు జోడించి ఒప్పుకున్నారు. కుదరదు, ఉన్నది ఉన్నట్టు తీసుకోండి అన్నారు వాషింగ్టన్‌లో. చివరికి 1901 జూన్ 12న ఓటింగ్ జరిగింది. అనుకూలం 16, వ్యతిరేకం 11. ఒక దేశం భవిష్యత్తు అయిదు ఓట్ల తేడాతో తేలిపోయింది. ఒప్పుకున్న 16 మందినీ ద్రోహులు అనేయడం నాకు ఇష్టం లేదు. ముందు సైన్యం పోనీ, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల స్థానంలో మనముంటే ఏం చేసేవాళ్లం? నాకైతే తేలిగ్గా జవాబు దొరకలేదు.

ఇంకో సాక్ష్యం వినండి. అప్పుడు క్యూబాని పాలిస్తున్న అమెరికా జనరల్ లియోనార్డ్ వుడ్ అదే ఏడాది అక్టోబర్‌లో, కొత్తగా ప్రెసిడెంట్ అయిన థియోడర్ రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాశాడు. ప్లాట్ సవరణ తర్వాత క్యూబాకి మిగిలిన స్వాతంత్ర్యం ఏమంత లేదని అందులో ఒప్పేసుకున్నాడు. ఇది శత్రువు చేసిన ఆరోపణ కాదు. ఆ పాలన నడిపిన మనిషి మాట.

1902 మే 20న క్యూబా జెండా ఎగిరింది. తోమాస్ ఎస్త్రాదా పాల్మా మొదటి ప్రెసిడెంట్. జనం వీధుల్లో సంబరాలు చేసుకున్నారు. కానీ మన పెద్దవాళ్లు అన్నట్టు, ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

1903లో గ్వాంటనామో దగ్గర సుమారు 117 చదరపు కిలోమీటర్ల భూమీ నీళ్లూ లీజుకి వెళ్లాయి. అద్దె ఏడాదికి 2,000 బంగారు డాలర్లు. అదే ఏడాది ప్లాట్ షరతులన్నీ ఒప్పందంగా కూడా మారాయి. ఇక ఐల్ ఆఫ్ పైన్స్ సంగతి. అది క్యూబాదే అని 1904లో ఒప్పందం రాసుకున్నారు. సెనేట్ దాన్ని ఆమోదించింది ఎప్పుడో తెలుసా? 1925లో. 21 ఏళ్లు ఫైల్ కదలలేదు. నాలుగో అధికారం ఇలా కూడా పనిచేస్తుంది. కాదని చెప్పక్కర్లేదు, పక్కన పెడితే చాలు.

1906లో ఎన్నికల గొడవలొచ్చాయి. ఎస్త్రాదా పాల్మా తనే అమెరికా జోక్యం కోరి, రాజీనామా చేశాడు. అమెరికన్లు వచ్చి 1909 దాకా పాలించారు. 1912లో మళ్లీ సైన్యం దిగింది, 1917లో మళ్లీ. నా ఉద్దేశంలో ప్లాట్ సవరణ చేసిన పెద్ద నష్టం సైన్యం రావడం కన్నా లోతైనది. అది క్యూబా రాజకీయాన్నే పాడుచేసింది. ఓడిపోయినవాడు ప్రజల దగ్గరికి వెళ్లకుండా వాషింగ్టన్ వైపు చూడటం నేర్చుకున్నాడు. వీధిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే, ప్రతిసారీ పక్కింటి పెద్దాయన్ని పిలిచే అలవాటు లాంటిది. ఆ పిల్లలు తమ తగువు తాము తీర్చుకోవడం ఎప్పటికీ నేర్చుకోరు.

1933లో క్యూబాలో తిరుగుబాటు వచ్చింది. 1934 మే 29న కొత్త ఒప్పందంతో ప్లాట్ సవరణ రద్దయింది. గ్వాంటనామో మాత్రం రద్దు కాలేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనో, అమెరికా తనంతట తాను వదిలేస్తేనో తప్ప ఆ లీజు ముగియదని రాసుకున్నారు. ఇప్పటికీ ఏటా 4,085 డాలర్ల చెక్ వెళ్తుంది. క్యూబా ప్రభుత్వం దాన్ని మార్చుకోదు.

సరిగ్గా అదే 1934 మే నెలలో ఇంకో చట్టం వచ్చింది. చక్కెర కోటాల చట్టం. ఇది మూడో అధికారం, వ్యాపారం. క్యూబా బతుకంతా చక్కెర మీదే. ఆ చక్కెర ప్రధానంగా కొనేది అమెరికా. ఏ దేశం నుంచి ఎన్ని టన్నులు కొనాలో ఇక వాషింగ్టన్ ఈ చట్టం కింద నిర్ణయిస్తుంది. మన దగ్గర మిర్చి రైతుకో పత్తి రైతుకో అర్థమవుతుంది ఈ బాధ. కొనేవాడు ఒక్కడే అయితే ధరా వాడిదే, మాటా వాడిదే. డూప్లికేట్ తాళం తిరిగిచ్చేశారు, కానీ ఇంటికి బియ్యం వచ్చే దారి మాత్రం తమ చేతిలోనే ఉంచుకున్నారు.

1959 జనవరిలో ఫిడెల్ కాస్ట్రో గెలిచి శాంతియాగోలో ప్రసంగించాడు. ఈసారి 1898లో జరిగినట్టు జరగదన్నాడు. అరవై ఏళ్లు గడిచినా ఆ గాయం ఎంత పచ్చిగా ఉందో చూడండి. సోవియట్ ముడిచమురుని శుద్ధి చేయమన్నందుకు, క్యూబా అక్కడి విదేశీ రిఫైనరీలను స్వాధీనం చేసుకుంది. 1960 జులైలో కాంగ్రెస్ ఇచ్చిన అధికారంతో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ క్యూబా చక్కెర కోటాలో 7,00,000 టన్నులు కోసేశాడు. చక్కెర సోవియట్ యూనియన్ కొంది. క్యూబా ఇంకాస్త అటు జరిగింది. 1962 ఫిబ్రవరిలో కెనడీ పూర్తి వాణిజ్య ఆంక్షలు పెట్టాడు. ఆ అక్టోబర్‌లో క్షిపణుల సంక్షోభం. ప్రపంచం అణుయుద్ధం అంచు దాకా వెళ్లొచ్చింది.

ఆ ఆంక్షలు అప్పటికి ప్రెసిడెంట్ చేతిలో ఉన్నాయి. పెట్టినవాడే తీసేయగలడు. 1996లో అది మారిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 24న ఫ్లోరిడా నుంచి వచ్చిన ప్రవాస సంస్థ విమానాలు రెంటిని క్యూబా వైమానిక దళం కూల్చేసింది. నలుగురు చనిపోయారు. అప్పటిదాకా నలుగుతున్న హెల్మ్స్-బర్టన్ బిల్లుకి ఒక్కసారి ఊపొచ్చింది. అంతకుముందు అభ్యంతరాలు చెప్పిన క్లింటన్, 17 రోజుల్లో, మార్చి 12న సంతకం పెట్టాడు. అది ఎన్నికల ఏడాది కూడా.

ఆ చట్టం ఆంక్షల్ని చట్టంగా బిగించేసింది. పూర్తిగా తీసేయాలంటే ప్రెసిడెంట్ సంతకం సరిపోదు, చట్టంలోని షరతులు తీరాలి లేదా కాంగ్రెస్ ఆ చట్టాన్ని మార్చాలి. క్యూబాలో మధ్యంతర ప్రభుత్వం ఎలా ఉండాలో కూడా రాశారు. అందులో ఫిడెల్ గానీ రౌల్ కాస్ట్రో గానీ ఉండకూడదట. 1901 గుర్తొస్తోందా? పక్క దేశంలో ఎలాంటి ప్రభుత్వం ఉండాలో మళ్లీ వాషింగ్టన్ చట్టంలో రాసుకుంది.

ఒబామా 2014 డిసెంబర్‌లో సంబంధాలు మళ్లీ మొదలుపెట్టాడు. 2015లో ఎంబసీలు తెరిచారు, 2016 మార్చిలో స్వయంగా హవానా వెళ్లాడు. ఆంక్షలు ఎత్తేయమని కాంగ్రెస్‌ని అడిగాడు. కాంగ్రెస్ ఎత్తేయలేదు. ప్రపంచంలో అంత బలమైన పదవిలో ఉన్న మనిషి, ఇరవై ఏళ్ల కిందటి చట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. 1992 నుంచి ఐక్యరాజ్యసమితి ఈ ఆంక్షలు ఎత్తేయమని తీర్మానాలు చేస్తోంది. 2024లో 187 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, మన ఇండియా కూడా అందులో ఉంది. వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్, రెండే. చట్టం మాత్రం అలాగే ఉంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. క్యూబా కష్టాలన్నిటికీ అమెరికానే కారణం అంటే నేను ఒప్పుకోను. అక్కడ ఒకే పార్టీ పాలన, ప్రశ్నించినవాళ్లకి జైలు, దెబ్బతిన్న ఆర్థిక విధానాలు ఉన్నాయి. ఆస్తులు పోగొట్టుకుని ఫ్లోరిడాకి పారిపోయిన కుటుంబాల బాధ నిజమైన బాధ. కానీ ఇక్కడ కూడా ఒక లింక్ ఉంది. పక్కింటివాడి పెత్తనం చూపించి, హవానా ప్రభుత్వం తన తప్పుల్ని కప్పిపుచ్చుకోగలిగింది. మధ్యలో నలిగింది రేషన్ క్యూలో నిలబడ్డ మామూలు మనిషి.

ఇంతకీ ఈ కథలో నాకు మిగిలింది ఏంటంటే... చట్టానికి రెండు వైపులా పదునుంది. టెల్లర్ రాసిన ఆ ఒక్క అంశమే లేకపోతే, క్యూబా కూడా ప్యూర్టో రికో లాగే ఇవాళ అమెరికా కింద ఉండేదేమో. ప్లాట్ రాసిన ఎనిమిది అంశాలు లేకపోతే, దాని 20వ శతాబ్దం వేరేలా ఉండేదేమో. మూడేళ్ల తేడాతో, అదే భవనంలో, ఒక సవరణ తాళాలు ఇచ్చింది, ఇంకో సవరణ డూప్లికేట్ చేయించుకుంది. 1898, 1901, 1934, 1960, 1996. ఆ భవనంలో జరిగిన ఈ ఓటింగుల్లో ఒక్కదాంట్లో కూడా క్యూబా మనిషికి ఓటు లేదు.

అందుకే ఈసారి ఎక్కడైనా ఒక పెద్ద బిల్లు పాస్ అయిందన్న వార్త మీ ఫోన్‌లో కనిపిస్తే, హెడ్‌లైన్ దగ్గర ఆగిపోకండి. చివరి పేజీలో ఏం తగిలించారో చూడండి. అది ఎవరి ఇంటి తాళమో, ఆ ఇంటివాళ్లని ఎవరైనా అడిగారో లేదో కూడా చూడండి.

మళ్లీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.